అక్క చేసిన ఆకురసం

మా అక్క చీమకైనా హాని తలపెట్టే మనిషి కాదు. ముందు ఆ మాట అనేస్తే మిగిలింది చెప్పడం నాకు కాస్త సులువవుతుంది.

అక్క ఇంట్లోనే కర్టెన్లూ, సోఫా కవర్లూ కుడుతుంది. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, మెడలో టేపు, పెదాల మధ్య రెండు గుండుసూదులు. ఎవరొచ్చినా ఆ సూదులు తియ్యకుండానే పలకరిస్తుంది. నాకంటే ఆరేళ్ళు పెద్దది. నేను రెండు వీధుల అవతల ఒక్కదాన్నే ఉంటాను. మందుల షాపులో పదిహేనేళ్ళుగా కౌంటరు వెనక నిలబడే ఉద్యోగం. బావ లిఫ్టు మెకానిక్కు. వాళ్ళకి పిల్లల్లేరు. ఒకరికొకరు పిల్లలమన్నట్టే ఉండేవాళ్ళు.

బావది ఆరడుగుల విగ్రహం, అంతకు రెట్టింపు నోరు. ఎక్కడైనా లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయి లోపల జనం కేకలు పెడుతుంటే, తలుపు సందుకి నోరానించి, "నేనొచ్చేశానండీ. ఇంక మీరు కంగారు పడాల్సిందేం లేదు. ఇవాళ మీ ఇంట్లో ఏం కూరో చెప్పండి, వింటూ పని చేసుకుంటాను" అనేవాడు. తలుపు తెరుచుకునేసరికి వాళ్ళు వంట గురించి వాదించుకుంటూ బయటికొచ్చేవాళ్ళట. తిండంటే అంత ఇష్టం మనిషికి. ఏ వీధిలో పని ఉంటే ఆ వీధిలో తినేవాడు. కాగితంలో చుట్టిచ్చేది ఏదైనా సరే, నూనె కారుతుంటే ఇంకా మంచిది. ఇంటికొచ్చి అక్క వడ్డిస్తే రెండు ముద్దలు కెలికి లేచిపోయేవాడు.

రెండేళ్ళ క్రితం కంపెనీవాళ్ళు అందరికీ పరీక్షలు చేయించారు. బావకి బీపీ బాగా ఎక్కువుంది. మాత్ర రాసిచ్చి, ఉప్పూ నూనే తగ్గించమనీ, కూరగాయలు ఎక్కువ తినమనీ ఒక కాగితం చేతిలో పెట్టారు. బావ ఆ కాగితం జేబులో పెట్టుకుని మర్చిపోయాడు. ప్యాంటు ఉతకబోతూ అక్క తీసి చదివింది. అక్కడ మొదలైంది అంతా.

ఆ వారంలోనే, కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చినావిడ ఎవరో శనివారం సంత గురించి చెప్పిందట. మా కాలనీ వెనక బడి ఆటస్థలంలో, ఊరి చుట్టుపక్కల పండించేవాళ్ళు తెల్లవారుజామున కోసిన కూరలు తెచ్చి బల్లల మీద పెడతారు. ఎరువుల బస్తాలు వాడరు, మందులు కొట్టరు. అక్క మొదటిసారి వెళ్ళొచ్చిన రోజు నన్ను పిలిపించి మరీ చూపించింది. ఒక కట్ట పాలకూర. దాని ఆకులనిండా కన్నాలు.

"చూడవే, పురుగు తింది. పురుగు తిని బతికిందంటే మనమూ బతుకుతాం."

"పురుగు బతికిందని నీకెవరు చెప్పారు?" అన్నాను.

అక్క నవ్వలేదు. ఆ విషయంలో అక్క అప్పటికే హాస్యం దాటి చాలా దూరం వెళ్ళిపోయింది.

సంతలో పాలకూర అమ్మే ఆవిడకి గోళ్ళనిండా మట్టే. అందుకని మేం ఆవిణ్ణి మట్టిగోళ్ళావిడ అనేవాళ్ళం. అక్కకీ ఆవిడకీ ఇట్టే కుదిరింది. ఒక ఆదివారం అక్క బస్సెక్కి వెళ్ళి ఆవిడ మళ్ళు చూసొచ్చింది. తన చేత్తో పట్టుకుంటే మట్టి వేడిగా ఉందనీ, గుప్పెట్లో వానపాములు కదిలాయనీ రెండు రోజులు చెప్పింది. ఇంట్లో డబ్బాలన్నీ మారాయి. తెల్లటి బ్రెడ్డు పోయి ముతక బ్రెడ్డు వచ్చింది. పాలిష్ పట్టని బియ్యం వచ్చింది. రోజూ పొద్దున్నే బావకి పెద్ద స్టీలు గ్లాసునిండా ఆకురసం. రెండు కట్టల పచ్చి పాలకూర, ఒక బీట్‌రూట్, గుప్పెడు నానబెట్టిన బాదం పప్పులు, అన్నీ మిక్సీలో వేసి గిర్రున తిప్పేది. తనకీ ఒక చిన్న గ్లాసు.

"మరదలా, మీ అక్క నన్ను గేదెనుకుంటోంది" అనేవాడు బావ, నేనెప్పుడు వెళ్ళినా. "గేదెకైనా నమిలే హక్కుంది. నాకు అదీ లేదు. మిక్సీయే నమిలేస్తోంది."

అంటూనే తాగేవాడు. ముక్కు మూసుకుని గడగడా తాగేసి, గ్లాసు బోర్లించి చూపించేవాడు. అక్క కళ్ళల్లో ఆ క్షణంలో వచ్చే వెలుగు చూడ్డానికే తాగేవాడని నా నమ్మకం.

నిజం చెప్పొద్దూ, అది పనిచేసింది. నాలుగు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. బీపీ దిగింది. అక్క ఆయన ప్యాంట్లన్నీ మిషను మీద బిగించి కుట్టింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి రసం కొలతలు రాసుకుని వెళ్ళారు. అక్క మాటకి విలువ పెరిగింది. పాపం, ఎప్పుడూ సూదుల మధ్య మాట్లాడే మనిషి, ఇప్పుడు నోట్లో సూదులు తీసి మాట్లాడడం మొదలెట్టింది. మాత్రలంటే పడేది కాదు. "నీ షాపులో ఉన్నదంతా విషమే" అని నన్ను వేళాకోళం చేసేది. బీపీ మాత్ర ఒక్కటే, డాక్టరు ముఖం చూసి ఊరుకుంది.

ఇక నా సంగతి.

లిఫ్టు మెకానిక్కులకి మోకాళ్ళు ముందు పోతాయి. గోతిలోకి దిగడం, మేడ మీది మిషను గదికి ఇనుప నిచ్చెన ఎక్కడం, గంటలకొద్దీ మోకాళ్ళ మీద కూర్చుని బోల్టులు బిగించడం. ఒక మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు బావ కుంటుకుంటూ వచ్చి కౌంటరు మీద మోచేతులాన్చాడు.

"నొప్పికి ఏదన్నా గట్టిది ఇయ్యి. మీ అక్కకి చెప్పకు. చెప్తే మోకాలికి కూడా పాలకూర కడుతుంది."

నవ్వొచ్చింది. ఒక మాత్రల పట్టీ ఇచ్చాను. పది మాత్రలు. అయిదు రోజులకి మళ్ళీ వచ్చాడు. తర్వాత నేనే ఆయన వస్తాడని పక్కన పెట్టి ఉంచేదాన్ని. రోజుకి రెండు చొప్పున ఎనిమిది నెలలు. కౌంటరు ముందుకొచ్చిన ప్రతివాళ్ళకీ నేను చెప్పే మాట ఒకటుంది. "వారం దాటి వాడకండి, బీపీ ఉంటే డాక్టర్ని అడగండి." ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పాను. బావకి చెప్పలేదు. ఆయన వచ్చేటప్పుడు కుంటుతూ వచ్చేవాడు, మర్నాడు మామూలుగా నడిచేవాడు. నాకు అంతే కనిపించింది.

రసం మొదలెట్టిన పద్నాలుగో నెలలో బావకి నీరసం పట్టుకుంది. పాదాలు వాచాయి. సాక్సు తీస్తే గీతలు లోతుగా పడి ఉండేవి. ఒళ్ళంతా దురద. నోట్లో ఇనుము రుచి వస్తోందన్నాడు. "పాతికేళ్ళు గ్రీజు వాసన పీల్చాను. అదే ఇప్పుడు నోట్లోకి దిగింది" అని నవ్వాడు. అక్క సంతలో ఎవరినో అడిగొచ్చింది. ఒంట్లో పేరుకున్న మురికంతా బయటికి పోయేటప్పుడు అలాగే ఉంటుందన్నారట. సాయంత్రం కూడా ఒక గ్లాసు మొదలెట్టింది.

మూడు వారాల తర్వాత ఒక ఆఫీసు భవనంలో మెట్ల మీద బావ కూలబడిపోయాడు. తోటి మెకానిక్కు ఫోన్ చేశాడు. నేను షాపు కోటుతోనే పరిగెత్తాను. అక్క మెడలో టేపుతోనే వచ్చింది.

ఆసుపత్రిలో కిడ్నీ డాక్టరు చిన్నావిడ, ముప్పై అయిదుంటాయేమో. రక్తం రిపోర్టు చూసి కుర్చీ ముందుకి జరుపుకుంది. రెండు కిడ్నీలూ దాదాపు పనిచెయ్యడం మానేశాయంది. అక్కకి అర్థం కాలేదు. "ఆయన చాలా ఆరోగ్యంగా ఉన్నారండీ. తొమ్మిది కిలోలు తగ్గారు" అంది.

"రోజూ ఏం తింటారమ్మా?"

ఆ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు అక్క నిటారుగా కూర్చుంది. అన్నీ చెప్పింది. ముతక బ్రెడ్డు, పొట్టు తియ్యని గింజలు, పొద్దున కోసిన కూరలు. పండించినవాళ్ళు తనకి తెలుసుననీ, ఆ నేల తను చూసిందనీ చెప్పింది. డాక్టరు రాసుకుంటూ ఉంది. ఆకురసం దగ్గరికొచ్చేసరికి పెన్ను ఆగింది.

"పాలకూర ఎంత?"

"రెండు కట్టలండీ. ఈమధ్య నాలుగు."

"ఉడికించా?"

"పచ్చిదే. ఉడికిస్తే సారం పోతుందిగా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగు నెలలు. ఒక్కరోజు కూడా తప్పలేదు" అంది అక్క.

డాక్టరు మంచం మీది బావ వైపు తిరిగి, "నొప్పికి మాత్రలేమైనా వాడారా?" అని అడిగింది.

బావ నా వైపు చూశాడు. ఒక్క క్షణమే. "లేదండీ" అన్నాడు. నేను గోడకి తగిలించిన చేతులు కడుక్కునే బొమ్మలు చూస్తూ నిలబడ్డాను.

సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. నాలుగు రోజులకి ఫలితం వచ్చింది. డాక్టరు చాలా మెల్లిగా, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. పాలకూరలో, బీట్‌రూట్‌లో, బాదంలో ఒక ఆమ్లం ఉంటుంది. మామూలు మనిషి మామూలుగా వండుకుని తింటే దానివల్ల ఏమీ కాదు. కానీ రోజూ పచ్చిగా అంతంత లోపలికి వెళ్తే, అందులోనూ బీపీవల్ల కిడ్నీ ముందే కొంచెం అరిగి ఉంటే, అది గాజుపొడిలా గట్టిపడి లోపల పేరుకుంటుంది. బావ కిడ్నీ నిండా అదే ఉంది.

"ఆకులో తప్పు లేదమ్మా. మీరు తెలిసి చేసింది కాదు. ఇలా అందరికీ జరగదు" అంది.

అక్క తలూపింది. అర్థమైనట్టు చాలాసార్లు ఊపింది. "కడిగానండీ. మూడు నీళ్ళు పోసి కడిగాను ప్రతిసారీ" అంది.

ఆ రోజు నేనింక ఉండబట్టలేక డాక్టరు వెంట వరండాలోకి వెళ్ళి మాత్రల సంగతి చెప్పాను. పేరు, మోతాదు, ఎన్ని నెలలు. నేను ఎక్కడ పని చేస్తానో కూడా చెప్పాను. ఆవిడ ముఖంలో కోపం రాలేదు, అది వచ్చినా బాగుండేది.

"అదీ కారణమే. చాలా పెద్ద కారణమే కావచ్చు. బీపీ ఒకటి, మాత్రలు ఒకటి, రసం ఒకటి. ఏది ఎంత అని ఇప్పుడు ఎవరూ విడదీసి చెప్పలేరు."

నాకు ఆ మాట చేతికందిన కొమ్మలా అనిపించింది. ఏది ఎంతో తెలియదంటే, అంతా అక్కది కాదన్నమాట. అక్కకి చెప్పేస్తే తన బరువు సగం దిగుతుంది, ఆ సగం నేను మోస్తాను అనుకున్నాను. ఆసుపత్రి క్యాంటీన్‌లో, టీ చల్లారిపోతుంటే, అక్కకి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. చెయ్యెత్తినా పడదామనుకున్నాను.

అక్క కప్పు అంచు మీద వేలు తిప్పుతూ విన్నది.

"నాకెందుకు చెప్పొద్దన్నారు?"

"నువ్వు మాత్రలు వద్దంటావని."

"అంటే నాకు భయపడ్డారు."

"భయం కాదక్కా, నువ్వు బాధపడతావని."

"నొప్పి పుడుతోందని కూడా నా దగ్గర అనలేకపోయారు. అంత చేశానన్నమాట నేను ఇంట్లో." కప్పు పక్కకి జరిపి అంది, "నువ్వు సగం మోద్దామని వచ్చావు. నాకు రెండో సగం కూడా ఇచ్చి పోతున్నావే."

టీ చెత్తడబ్బాలో పారబోసి లేచాం.

వారానికి మూడు రోజులు డయాలసిస్ మొదలైంది. మంగళ, గురు, శని. పొద్దున ఏడింటికి వెళ్తే పన్నెండు దాటుతుంది. రక్తమంతా ఒక గొట్టంలోంచి మిషన్లోకి వెళ్ళి, శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి తిరిగొస్తుంది. మొదటి రోజు బావ ఆ మిషను చుట్టూ ఉన్న మీటర్లన్నీ చూసి, నర్సుని ఏ మోటారు దేనికో అడిగి తెలుసుకున్నాడు. "సర్వీసింగు ఎన్నాళ్ళకోసారి చేయిస్తారమ్మా?" అని కూడా అడిగాడు. రెండో వారం నుంచి అడగడం మానేశాడు. మిషను వైపు కాకుండా గోడవైపు తిరిగి పడుకునేవాడు.

బావ వాళ్ళక్క చూడ్డానికి వచ్చింది. మంచి మనిషే, నోరొక్కటే అదుపులో ఉండదు. విషయమంతా విని, మా అక్క వంటింట్లో ఉందని కూడా చూసుకోకుండా, "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టయింది" అనేసింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. బావ మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"అక్కా, నువ్వు బయల్దేరు" అన్నాడు.

"అదేంట్రా, నేనేమన్నానని..."

"ఏమీ అనలేదు. బస్సు దొరకదు, బయల్దేరు."

ఇన్నేళ్ళలో బావ ఎవరినీ ఇంట్లోంచి పొమ్మనగా నేను చూడలేదు. ఆవిడ వెళ్ళాక అక్క వచ్చి, "నిజమే కదండీ ఆవిడన్నది" అంది. "నిజమే అయితే మాత్రం అనాలా?" అన్నాడు బావ. ఆయన ఉద్దేశం ఓదార్చాలనే. మాట మాత్రం అలా వచ్చింది. బావకి మాట తడబడ్డం అదే మొదలు.

ఆహారం సంగతి చెప్పే డైటీషియన్ అక్కకి రెండు పేజీల పట్టిక ఇచ్చింది. అక్క దాన్ని అద్దం ముందు నిలబడ్డ మనిషిలా చూసింది. తను ఏడాదికి పైగా నేర్చుకున్నదంతా అందులో తిరగబడి ఉంది. ముతక బ్రెడ్డు వద్దు, తెల్లది మంచిది. పాలిష్ పట్టని బియ్యం వద్దు. ఆకుకూరలు వద్దు, టమాటా వద్దు, అరటిపండు వద్దు, పళ్ళరసాలు అసలే వద్దు. కూరగాయలేవైనా చెక్కు తీసి, పల్చగా తరిగి, చాలా నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ కొత్తనీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు కూడా పారబోసి, అప్పుడు పెట్టాలి. లోపలున్న పొటాషియం పోవాలట. అది పోకపోతే గుండె ఆగిపోవచ్చు.

"మరి అందులో ఇంకేం మిగుల్తుంది?" అని అడిగింది అక్క.

"కడుపు నిండుతుందమ్మా" అంది ఆవిడ.

ఒక శనివారం డయాలసిస్ నుంచి వస్తుంటే ఆటస్థలం పక్కనుంచే రావాల్సొచ్చింది. అక్క చాలా వారాలుగా సంతకి వెళ్ళడంలేదు. మట్టిగోళ్ళావిడ దూరాన్నించే చూసి, బల్ల వదిలేసి, ఒక కట్ట పాలకూర పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అయ్యగారు ఇలా చిక్కిపోయారేంటమ్మా? ఒంట్లో బాలేదా? ఇదిగో, లేత ఆకు, పొద్దున్నే కోశాను" అంది.

అక్క చెప్పింది. దాచలేదు, పెంచలేదు. డాక్టరు చెప్పిన మాటల్లోనే చెప్పింది. ఆవిడ చేతిలోని కట్ట మెల్లగా కిందికి దిగింది.

"మా ఆకులో మందు చుక్క ఉండదమ్మా. నా కూతుళ్ళ మీద ఒట్టు. మీరొచ్చి చూశారుగా."

"తెలుసు."

"బస్తా ఎరువు కూడా వెయ్యం. పేడ తప్ప..."

"తెలుసండీ. మీ ఆకు మంచిదే" అంది అక్క. "చాలా మంచిది. నేనే ఎక్కువ పెట్టాను."

మట్టిగోళ్ళావిడ ఏడ్చింది. అక్కకి ఏడుపు రాలేదు. ఆవిడ భుజం పట్టుకుని నిలబడింది. బావ నిలబడలేక బడి ప్రహరీకి ఆనుకుని, దారిన పోయే ఎవరో పలకరిస్తే చెయ్యెత్తాడు.

చలికాలం మొదట్లో డాక్టరు కిడ్నీ మార్పిడి మాట ఎత్తింది. ఇంట్లోవాళ్ళెవరైనా ఇవ్వగలిగితే మంచిదనీ, లేకపోతే వరసలో పేరు రాయించి ఏళ్ళు ఎదురుచూడాలనీ చెప్పింది. నేనిస్తానన్నాను. నా రక్తం గ్రూపు బావకి పడదు. బావ వాళ్ళక్కకి చక్కెర జబ్బు. ఆవిడ ఆ మాట ఫోన్లో చెప్తూ వెక్కివెక్కి ఏడ్చింది.

అక్క రక్తం సరిపోయింది.

ఆ రోజు అక్క ముఖం చూడాలి. ఎన్ని నెలలయిందో అలా చూసి. ఆసుపత్రి నుంచి నడుచుకుంటూ వస్తూ నా చెయ్యి పట్టుకుని ఊపేసింది, చిన్నప్పుడు బడి నుంచి వచ్చేటప్పటిలా. "నాది పెట్టేస్తారు. ఇంక అయిపోతుందే. నా చేత్తో చెడింది నాతోనే బాగవుతుంది" అంది. ఇంటికెళ్ళి బావకి చెప్పింది. బావ వద్దన్నాడు. అక్క దెబ్బలాడింది. ఆ ఇంట్లో అంత గట్టిగా దెబ్బలాట విని చాలాకాలమైంది. నాకు సంతోషమేసింది. చివరికి బావే, "సరే కానియ్యి. నీ కిడ్నీ లోపలికొచ్చాక అది కూడా పొద్దున్నే లేపి రసం తాగమంటుందేమో" అన్నాడు. అక్క నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

ఇంకో పది పరీక్షలున్నాయన్నారు. అక్క వాటికోసం నడక మొదలెట్టింది, ఉప్పు తగ్గించింది. పన్నెండో రోజున స్కానింగు చేశారు. మర్నాడు మమ్మల్నిద్దర్నీ గదిలోకి పిలిచి, డాక్టరు తెర మీద నల్లటి బొమ్మ చూపించింది. అక్క రెండు కిడ్నీల్లోనూ రాళ్ళు. ఒకదాంట్లో మూడు, ఇంకోదాంట్లో నాలుగు. చిన్నవే.

"నొప్పి ఎప్పుడూ రాలేదే" అంది అక్క.

"ఇప్పుడు రాకపోవచ్చు. మీరు కూడా ఆ రసం తాగేవారా?"

"చిన్న గ్లాసు" అంది అక్క. చూపుడువేలూ బొటనవేలూ దూరం పెట్టి ఎంత చిన్నదో చూపించింది. "ఇంతే. చాలా చిన్న గ్లాసండీ."

రెండువైపులా రాళ్ళున్నవాళ్ళ దగ్గర తీసుకోలేమంది డాక్టరు. ఆయనకి పెడితే నిలుస్తుందన్న నమ్మకం లేదు, మీకు ఒక్కటే మిగిలితే ముప్పు. అక్క బతిమాలింది. కాగితం మీద సంతకం పెడతానంది, ఏమైనా తనదే బాధ్యతంది. డాక్టరు లేచొచ్చి అక్క పక్క కుర్చీలో కూర్చుంది. అలాగే కూర్చుంది. బయట ఇంకో ఇద్దరు రోగులు ఎదురుచూస్తున్నారు. అప్పుడు నాకర్థమైంది, ఆవిడ దగ్గర కూడా ఇంకేం లేదని.

బావకి ఆ సంగతి నేనే చెప్పాను. "పోనీలే" అన్నాడు. "దాన్ని ఎక్కువ నీళ్ళు తాగమను. నా వాటా కూడా." ఆయనకి రోజుకి మూడు గ్లాసులకి మించి నీళ్ళు లేవు.

డయాలసిస్ మొదలై ఇప్పటికి పది నెలలయింది. బావ పేరు వరసలో ఉంది. కంపెనీవాళ్ళు మంచివాళ్ళు, ఆఫీసులో కూర్చోబెట్టి ఫోన్లు ఎత్తే పని ఇచ్చారు, డయాలసిస్ లేని రోజుల్లో వెళ్తాడు. నేను బాధ్యత లేకుండా మాత్రలిచ్చానని షాపు యజమానికి నేనే చెప్పుకున్నాను. ఆయన కాసేపు తిట్టి, మళ్ళీ అలా చెయ్యొద్దన్నాడు. ఉద్యోగం పోలేదు. ఇప్పటికీ అదే కౌంటరు, అదే మాట, "వారం దాటి వాడకండి." ఆ మాట అంటున్నప్పుడు నా గొంతు నాకే వేరేవాళ్ళదిలా వినిపిస్తుంది.

అక్క మాత్రం పట్టిక తప్పదు. పొద్దున్నే లేచి కూర ముక్కలు కాగితంలా తరుగుతుంది. పెద్ద గిన్నెడు నీళ్ళలో నానబెడుతుంది, పారబోస్తుంది. ఉడకబెడుతుంది, పారబోస్తుంది. రంగంతా నీళ్ళతోపాటు తూములోకి పోయి, పాలిపోయిన ముక్కలు బావ కంచంలోకి వస్తాయి. ఆయన తింటాడు. బాగుందనడు, బాలేదనడు. ఎప్పుడైనా వీధిలోంచి వేయించిన వాసన వస్తే తల తిప్పుతాడు. అక్క లేచి కిటికీ మూస్తుంది.

పోయిన బుధవారం నేను సెలవు పెట్టి వెళ్ళాను. నీరసంగా ఉందని బావ ఆఫీసుకి వెళ్ళలేదు. పదింటికి ఆసుపత్రి నుంచి డైటీషియన్ ఫోన్ చేసింది. మొన్నటి రక్తంలో పొటాషియం మళ్ళీ పెరిగిందనీ, ఆరు దాటిందనీ, వారంలో ఏమేం పెట్టారో చెప్పమనీ అడిగింది. అక్క ఫోను స్పీకర్లో పెట్టి, గోడకి అంటించిన కాగితం చూస్తూ చదివింది. సోమవారం ఏం పెట్టింది, ఎన్ని నీళ్ళలో, ఎంతసేపు, ఎన్ని ముక్కలు. మంగళవారం ఏం పెట్టింది. ఒక్క పూట వదల్లేదు. అవతల ఆవిడ మధ్యలో ఎక్కడా ఆపలేదు.

"అంతా సరిగ్గానే ఉందమ్మా" అంది చివరికి. "ఒక్కోసారి ఇలాగే పెరుగుతుంది. రేపు మిషను మీద ఇంకో అరగంట ఎక్కువ ఉంచమంటాను."

"నేనేం మానెయ్యాలో చెప్పండి" అంది అక్క. "ఇంకేం తీసెయ్యమంటే అది తీసేస్తాను."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడు వినిపించింది.

"తీసెయ్యడానికి ఇంకేమీ లేదమ్మా."

ఫోను పెట్టేశాక అక్క వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడింది. పక్కగదిలో బావ దగ్గుతున్నాడు. మధ్యాహ్నం తిండికి టైమవుతోంది. అక్క బుట్టలోంచి రెండు క్యారెట్లు తీసి, వాటివంక చూసి, ఒకటి వెనక్కి పెట్టేసింది. ఉన్నదానికి చెక్కు తియ్యడం మొదలెట్టింది. నేను గిన్నెలో నీళ్ళు పట్టి పొయ్యి మీద పెట్టాను.